సుగ్గి పండగ

జూన్ 19

కొత్త డైరీ. తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో మేం మాట్లాడేది కన్నడం, అత్తగారు చదివేదీ కన్నడమే. తెలుగు అక్షరం ఒక్కటీ ఆమెకు రాదు. ఇంతకంటే మంచి తాళం ఆదోని బజార్లో దొరకదు.

మూడోసారి కూడా కడుపు నిలబడలేదు. ఇక చాలమ్మా అంది డాక్టరమ్మ. మా ఆయన మధ్వేశ్ కూడా చాలన్నాడు. మర్నాడే మంత్రాలయంలో పని ఉందని వెళ్ళిపోయాడు. ఆదివారాలు వస్తాడు. దీని గురించి ఇందులో మళ్ళీ రాయను. ఇది బడి డైరీ.

మా జిల్లాలోని కృష్ణగిరి నుంచి బదిలీ అయింది. ఇప్పుడు కోసిగి దగ్గర ఒక పల్లె. ఆదోని నుంచి రోజూ బస్సు. కండక్టరు పేరు సామ్సన్. "ఎన్నాళ్ళుంటారు మేడమ్ ఈడ?" అని మొదటిరోజే అడిగాడు. వెనక్కి పోవడానికి పైరవీలు చేసే మొహంలా ఉందా నాది అన్నాను. "ఇంతకుముందు వచ్చినోళ్ళ మొగాలు గూడా ఇట్లే ఉండె" అని టికెట్ చింపి ఇచ్చాడు.

జూలై 10

ట్రైనింగు. పిల్లలే కేంద్రంగా బోధన, సమగ్ర వికాసం. టీచరు తక్కువ మాట్లాడాలి, పిల్లలు ఎక్కువ మాట్లాడాలి అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ట్రైనింగు ఇచ్చే ఆయనొక్కడే మాట్లాడాడు. నేనొక సందేహం అడగబోతే ప్రశ్నలు చివర్లో అన్నాడు. చివర్లో టీ వచ్చింది.

అయినా ఒక మాట నచ్చింది. బిడ్డ బడికి తలకాయ ఒక్కటే తీసుకురాదు, ఇల్లంతా మోసుకొస్తుంది అన్నాడు. బస్సులో వస్తూ దాని గురించే ఆలోచించాను.

జూలై 15

మొదలుపెట్టాను. మూడు, నాలుగు, ఐదు తరగతులు నావి. బెంచీలు గోడకు జరిపించి అందరం కింద గుండ్రంగా కూర్చున్నాం. నేను కూడా కిందే. రోజూ పొద్దున ఒక ప్రశ్న, అందరూ జవాబు చెప్పాలి. పెట్టిన నియమం ఒక్కటే: గుండ్రంలో తప్పు సమాధానం ఉండదు. పిల్లలు ఈ మాటను పద్యంలా వల్లించడం మొదలుపెట్టారు. వల్లించకండర్రా అంటే ఇంకా గట్టిగా వల్లించారు.

హెడ్మాస్టరు లక్ష్మప్ప సార్ తలుపు దగ్గర నిలబడి చూశాడు. "గుండ్రంగా కూచుంటే సున్నా వస్తాదమ్మా, మార్కులు యాడొస్తాయి?" అన్నాడు. ఆయన కూడా వచ్చి కూర్చుంటే సున్నా ఇంకా పెద్దదవుతుందన్నాను. మోకాళ్ళ నొప్పులని వెళ్ళిపోయాడు.

ఆగస్టు 2

ఈరోజు ప్రశ్న: నీకిష్టమైన పండగ ఏది, ఎందుకు.

ఎక్కువమంది పీర్ల పండగ అన్నారు, నిప్పులగుండం కోసం. ఉరుకుందు అనే నాలుగో తరగతి పిల్లవాడు ఈరన్న జాతర అన్నాడు, ఆ దేవుడి ఊరే తన పేరట. మహాదేవి వంతు వచ్చింది. ఐదో తరగతి. సన్నగా ఉంటుంది, పెన్సిల్ ఎప్పుడూ జడలో గుచ్చుకుని తిరుగుతుంది, బడి తెరిచినప్పటి నుంచీ నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. నా కళ్ళలోకి చూసి "సుగ్గి" అంది.

నాకు ప్రాణం లేచివచ్చింది. మా ఇంటి మాట. సంక్రాంతిని మేం సుగ్గి హబ్బ అంటాం, నువ్వులూ బెల్లం పంచుతాం. ఎందుకిష్టం అని అడిగాను. "అమ్మ పక్కన ఉంటాది" అంది. ఉరుకుందు కిసుక్కుమన్నాడు. ఎందుకురా నవ్వు అంటే "ఏం ల్యా మేడమ్" అన్నాడు.

పిల్లల ప్రగతి కార్డులో మహాదేవి పేరు దగ్గర ఇష్టమైన పండగ సంక్రాంతి అని రాశాను.

ఆగస్టు 3

మహాదేవి నా పక్కన కూర్చుంది. తనంతట తానే.

సెప్టెంబరు 12

మైదానంలో నీడలు కొలిచాం. ఎవరి నీడ ఎప్పుడు పొట్టి, ఎప్పుడు పొడుగు. లెక్కల పుస్తకం తెరవకుండానే లెక్కలయ్యాయి. పైనుంచి వచ్చిన వాళ్ళు నోట్సులేవీ అంటే ఏం చూపిస్తావమ్మా అన్నాడు లక్ష్మప్ప సార్. ఎండ ఉన్నప్పుడు వస్తే నీడలు చూపిస్తానన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడో తరగతి పాప ఒకతె వెల్లకిలా నిద్రపోయింది. మహాదేవి పోయి దాన్ని ఎడమ పక్కకు తిప్పి, మోకాలు మడిచి పెట్టి వచ్చింది. ఎందుకే అంటే "ఎల్లకిల పండుకుంటే ఊపిరాడదు" అంది. పెద్ద ఆరిందా. పక్కవాళ్ళ పట్ల శ్రద్ధ అనే గడిలో అందరికంటే ఎక్కువ నక్షత్రాలు దీనికే వేశాను.

అక్టోబరు 6

మధ్వేశ్ వాళ్ళ చుట్టాలింట్లో ఉపనయనానికి ఎమ్మిగనూరు వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు మగ్గం దుప్పటి ఒకటి కొన్నాను. నీలం గళ్ళది. మధ్వేశ్ విప్పి చూసి ఇది మనకు పొట్టి కదా అన్నాడు. ఆ సైజే ఉందన్నాను.

షాపులో పెద్ద సైజువి కూడా ఉన్నాయి.

అక్టోబరు 30

మాటల్లో పడితే మహాదేవి ఆగదు. చందమామలో మనుషులుంటే వాళ్ళకు మన భూమి చందమామా అని అడిగింది. జవాబు రేపు చెప్తానన్నాను, పుస్తకం చూడాలి. ఇలాంటి పిల్లకు సరైన ఇల్లు దొరికితే ఎక్కడికో పోతుంది. టీచరుగా అంటున్నాను.

నవంబరు 4

దీపావళి సెలవు తర్వాత బడికి వెళితే గుండ్రం సగమైంది. మిగతావాళ్ళేరీ అన్నాను. "సుగ్గికి పోయినారు మేడమ్" అన్నాడు ఉరుకుందు.

లక్ష్మప్ప సార్ విడమరిచి చెప్పాడు. ఈ వైపు సుగ్గి అంటే వలస. పంట వచ్చిన చోటికి కూలికి పోవడం. ఇంటికి తాళం, చంకలో బిడ్డ, ఉగాదికి తిరిగి రాక. "కన్నడం మీ ఇంటి బాస, మీకు తెలియకుండా ఎట్లుంటాది?" అన్నాడు. మా ఇంట్లో సుగ్గి అంటే నువ్వులూ బెల్లం అని ఆయనకు చెప్పలేకపోయాను.

సిగ్గేసింది, ఆ తర్వాత కోపమొచ్చింది. వలసను పండగ అనుకుంటోంది ఆ పసిది. దానికి తేడా తెలియాలి. గుండ్రంలోనే చెప్పాను. మహాదేవీ, సుగ్గి పండగ కాదు, కష్టం, చదువుకునే పిల్లలు పోకూడనిది. ఆ పిల్ల తల వంచుకుంది. "తప్పు సమాధానమా మేడమ్?" అని అడిగాడు ఉరుకుందు. వాడికి నోరెక్కువ.

మిగతా రోజంతా మహాదేవి మాట్లాడలేదు. అర్థం చేసుకుంటోంది.

నవంబరు 6

మహాదేవి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాయన హనుమన్న రేకు పెట్టెకు తాడు కడుతున్నాడు. యాడికప్పా అన్నాను, వాళ్ళ మాటలోనే.

"సుగ్గికి మేడమ్. వాన్లు లేకపాయె. ఈడుంటే ఏం తినేది? గుంటూరు దిక్కు పత్తి తీసేకి పోతాండాం. పత్తి అయినంక మిరపకాయలు."

పాప చదువు సంగతేమిటన్నాను. "వాళ్ళమ్మకు తోడు ఉండల్ల గదా" అన్నాడు. వాళ్ళమ్మకు తోడు! పసిపిల్ల పెద్దమనిషికి తోడట. నానమ్మ బసమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఈమె దగ్గర ఉంచరాదా అన్నాను. "నాకే కండ్లు ఆనవు. పిల్లను నేనెట్ల సూసేది తల్లీ" అంది ముసలామె.

అప్పుడు నా నోటి నుంచి వచ్చేసింది. మా ఇంట్లో ఉంచుకుంటాను. ఆదోనిలో. రోజూ నాతోపాటే బస్సులో బడికి వస్తుంది, ఉగాదికి మీరొచ్చాక తీసుకుపోండి. హనుమన్న చేతిలోని తాడు వదిలేశాడు. "మీ ఇంట్లోనా మేడమ్? అయ్యవార్ల ఇంట్లో? దాని అదృష్టం" అన్నాడు.

తల్లి హులిగమ్మ వసారా మూలన ఉంది. పక్కన ఒక కంచం, ఒక చెంబు, చుట్టిన చాప. బయట చేరినట్టుంది. మా ఇంట్లోనూ ఆ మూడు రోజులూ ఇంతే, కాబట్టి అటు ఎక్కువ చూడలేదు, దగ్గరికి పోలేదు. అది మర్యాద. ఆమె ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం.

మహాదేవి నీళ్ళకు పోయిందట. వచ్చాక నాయనే చెప్తాడు.

నవంబరు 9

వచ్చింది. ఒక సంచీ, రెండు గౌన్లు.

చిన్న గదిలో మంచం వేశాను. నీలం గళ్ళ దుప్పటి దానికి సరిగ్గా సరిపోయింది.

నవంబరు 11

అత్తగారి షరతులు: వంటింట్లోకి రాకూడదు, దేవుడి గది వైపు పోకూడదు, గ్లాసూ కంచం వేరే, అవి వరండాలో ఉంటాయి. మా అత్తగారు తులసమ్మగారి మడి ఆదోని అంతా తెలిసిందే. నేనే నా చీర ఆరేసిన తీగ మీద ఆమె చీర ఆరేయను. ఒప్పుకున్నారు, అదే గొప్ప. చిన్నపిల్ల, గ్లాసు గురించి ఏం పట్టించుకుంటుంది.

నవంబరు 14

ఇద్దరం ఒకే సీటులో. కిటికీ వైపు తను. సామ్సన్ టికెట్ ఇస్తూ "బాగ కుదిరినారే తల్లీ బిడ్డా" అన్నాడు. స్టూడెంట్ అన్నాను. "అదేలే మేడమ్" అన్నాడు.

ఆ మాట అన్నందుకు వాడి మీద కోపం రాలేదు.

నవంబరు 20

ట్రైనింగు ఇచ్చిన ఆయన బడి చూడటానికి వచ్చాడు. గుండ్రం చూసి మురిసిపోయాడు, ఫోన్లో వీడియో తీశాడు. వలస పోకుండా నిలబెట్టిన పిల్ల అని మహాదేవిని చూపించాడు లక్ష్మప్ప సార్. ఆయనకు కూడా ఇప్పుడు గుండ్రం అంటే ఇష్టమే. "మేడం గారింట్లో ఎలా ఉందమ్మా?" అని ట్రైనింగు ఆయన అడిగితే "బాగుంది సార్" అంది మహాదేవి. "చదువు ఇష్టమా?" "ఇష్టం సార్." అచ్చమైన జవాబులు, ఒక్క అక్షరం అటూ ఇటూ లేకుండా. ఈ పిల్లకు సుగ్గి అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది.

చందమామ ప్రశ్నలు మాత్రం అడగడం లేదు. పెద్దదవుతోంది.

నవంబరు 27

సరిగ్గా తినడం లేదు. మా వంటలో వెల్లుల్లి ఉండదు, కారం తక్కువ. అలవాటవుతుంది.

నవంబరు 29

అత్తగారు చిక్కుడుకాయలు వలుస్తూ అడిగారు. "శృతీ, ఆ పిల్లను చదివించడానికి తెచ్చావా, పెంచుకోవడానికి తెచ్చావా?" చదువు కోసమే అన్నాను. "మరి గాజులెందుకు కొన్నావు?" అన్నారు.

ఆమెతో వాదించడం కంటే గోడకు చెప్పుకోవడం నయం.

డిసెంబరు 1

మధ్వేశ్ వచ్చిన ఆదివారం కూడా ప్రశాంతంగా గడవదు ఈ ఇంట్లో.

మధ్యాహ్నం అత్తగారు పూజా భోజనమూ అయ్యాక హాల్లో పడుకున్నారు. ఆమె గురక పక్కవీధికి వినిపిస్తుంది. గొంతులో గరగర వచ్చింది కాబోలు, మహాదేవి వరండాలోంచి పరిగెత్తుకు వచ్చి, ఆమె భుజం పట్టి పక్కకు తిప్పి, తన గౌను అంచుతో ఆమె నోరు తుడిచింది. అత్తగారు లేచి కూర్చున్నారు. "ముట్టుకున్నావా నన్ను?" అన్నారు. అరవలేదు. లేచి తలమీదుగా నీళ్ళు పోసుకున్నారు, ఈ చలిలో. తడి చీరతో మళ్ళీ దేవుడి గదిలోకి.

మహాదేవి అక్కడే నిలబడి ఆ నీళ్ళ చప్పుడు వింటోంది. పెద్దవాళ్ళను అట్లా ముట్టుకోకూడదమ్మా అని నేను నెమ్మదిగానే చెప్పాను. మధ్వేశ్ నా వైపు చూశాడు. ఏమిటని అడిగితే ఏం లేదన్నాడు. ఈ ఇంట్లో ఎవరిని అడిగినా ఏం లేదు.

డిసెంబరు 2

మహాదేవి పోయింది.

పొద్దున నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి లేదు. దుప్పటి మడత పెట్టి ఉంది. గాజులు దుప్పటి మీద. ఇంతకంటే రాయలేను. తర్వాత రాస్తాను.

సాయంత్రం.

సామ్సన్ పట్టుకున్నాడు. ఆదోని బస్టాండులో, గుంతకల్లు బస్సు దగ్గర, గుంటూరు ఈ బస్సే పోతుందా అని అందరినీ అడుగుతోందట. ఫోన్ చేసి "నీ స్టూడెంట్ నా బస్సులో కూచోనుంది మేడమ్, బన్ను తింటాంది, గాబరా పడొద్దు" అన్నాడు. నేను వెళ్ళేసరికి బస్సు బయల్దేరే టైము దాటిపోయినా ఆపుకుని ఉన్నాడు. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. వాళ్ళిద్దరికీ థాంక్స్ కూడా చెప్పలేదు. ఆ పిల్లను ఎత్తుకున్నాను, ఐదో తరగతి పిల్లను, బస్టాండు మధ్యలో.

ఇంటికి తెచ్చి ఎందుకు పోయావే అని అడిగాను. మాట్లాడదు. బతిమాలాను. కోప్పడ్డాను. మళ్ళీ బతిమాలాను. చివరికి అంది: "గుండ్రంలో అయితే సెప్తా."

ఇద్దరమే ఉన్నాం కదా, గుండ్రం ఎట్లా అన్నాను. అత్తగారు దేవుడి గది గుమ్మంలో నిలబడి అంతా వింటున్నారు. వచ్చి మాకు ఎదురుగా నేల మీద కూర్చున్నారు. ఏ మూలనో కాదు, హాలు మధ్యలో. ముగ్గురం అయ్యాం.

మహాదేవి నన్ను చూసి అడిగింది. "మేడమ్, నువ్వు సెప్పమన్నట్ల సెప్పాల్నా, నాకు అనిపిచ్చినట్ల సెప్పాల్నా?"

జూలై నుంచి రోజూ అందరూ గుండ్రంగా కూర్చుని చెప్పిన జవాబులన్నీ ఆ ఒక్క ప్రశ్నతో నా మొహాన కొట్టినట్టయింది. నీకు అనిపించినట్టే అన్నాను.

"మా అమ్మకు ఫిట్స్ వస్తాయి. గాలి సోకింది అంటాది అవ్వ. వసారాలోనే పెడతాది. కంచం వేరే, సెంబు వేరే. నన్ను అమ్మ పక్కన పండుకోనీదు, నాకు గూడా సోకుతాదంట. సుగ్గిలో అట్ల ల్యా. గుడిసెలో పట్టా కింద అందరం ఒకటే. అమ్మ పక్కన నేనే. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పేది నేనే, నోరు తుడిసేది నేనే. నాయన పనిలో ఉంటాడు. ఇప్పుడు ఎవురు తిప్పుతారు?"

తర్వాత తనే అంది. "మీ ఇంట్లో గూడా గ్లాసు వేరేనే గదా మేడమ్. నాకేమీ సోకలేదు."

అత్తగారు అడిగారు, తెలుగు కూడబలుక్కుని. "నిన్న నన్ను తిప్పావే, అట్లా తిప్పితే తగ్గుతుందా?"

"తగ్గదు అవ్వా. సచ్చిపోరు, అంతే."

అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పాల గ్లాసు ఉంది. తను రోజూ తాగే ఇత్తడి గ్లాసు. మహాదేవి చేతికిస్తుంటే ఇద్దరి వేళ్ళూ తగిలాయి. ఆమె స్నానానికి వెళ్ళలేదు.

డిసెంబరు 3

హులిగమ్మ బయట చేరిందనుకున్నాను. ఒక్క అడుగు వేసి ఏమ్మా ఒంట్లో బాగుందా అని అడిగి ఉంటే సరిపోయేది. అక్కడున్న అందరితో మాట్లాడాను, ఆమెతో తప్ప. నీళ్ళకు పోయిన పిల్ల తిరిగి వచ్చేదాకా కూడా ఆగలేదు. పిల్లలే కేంద్రం అట. కేంద్రంలో ఎవరున్నారో నాకు ఇప్పుడు తెలుసు.

సెలవు పెట్టాను. ఎందుకమ్మా అంటే మహాదేవిని సుగ్గికి పంపుతున్నానన్నాను. లక్ష్మప్ప సార్ నోరు తెరిచాడు. వీడియో సంగతి గుర్తొచ్చి ఉంటుంది. "మరి ఆ సారుకు ఏం సెప్పేది?" అన్నాడు. ఉన్నమాట చెప్పమన్నాను.

డాక్టరుకు సంగతంతా చెప్పి మాత్రలు రాయమన్నాను. మనిషిని చూడకుండా రాయనన్నాడు, అదీ నిజమే. పక్కకు తిప్పడం మాత్రం సరైన పనే, ఎవరు నేర్పారమ్మా నీకు అని మహాదేవిని అడిగాడు. "ఎవురూ నేర్పలా" అంది.

అత్తగారు సజ్జ రొట్టెలు చేశారు దారికి. వెల్లుల్లి కారం పక్కింటి వాళ్ళనడిగి తెచ్చారు. మా ఇంటి గడప లోపలికి వెల్లుల్లి రావడం నేను కాపురానికి వచ్చాక ఇదే మొదటిసారి.

డిసెంబరు 5

గుంటూరు అవతల, పొలంలోంచి రాస్తున్నాను.

వరసగా టార్పాలిన్ పట్టా గుడిసెలు. మా ఊళ్ళో బడికి రాని పిల్లలంతా ఇక్కడున్నారు. గుండ్రంలో మిగతా సగం. నన్ను చూసి గప్‌చుప్ అయ్యారు, చదువు చెప్పడానికి వచ్చాననుకున్నారు కాబోలు. హులిగమ్మ చేనులోంచి వచ్చింది, ఒడి నిండా పత్తి. నుదుటి మీద కొత్త గాయం. కూతుర్ని చూసి పత్తి కింద పోసేసింది. ఇద్దరూ ఏడవలేదు. మహాదేవి గాయం ముట్టుకుని చూసి "ఎప్పుడు?" అంది. "మొన్న. రాయి మీద పడితి" అంది తల్లి. నేను పక్కకు తిరిగాను.

తర్వాత హులిగమ్మ నా దగ్గరికొచ్చి అంది. "ఆ పొద్దు నన్ను ఒక మాట అడుగుతావేమో అని సూస్తాంటి మేడమ్. నువ్వు ఈ దిక్కే సూడకపోతివి."

తప్పు నాదే అన్నాను. బయట చేరావనుకున్నానమ్మా అని కూడా చెప్పాను, ఎందుకు దాచాలి. ఆమె ఒక క్షణం ఆగి నవ్వడం మొదలుపెట్టింది. "బయట చేరితి అనుకుంటివా? నెలంతా, ఏడాదంతానా బయట చేరేది?" పక్క గుడిసెల ఆడవాళ్ళకు కేకేసి చెప్పింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వగలదని అనుకోలేదు.

డిసెంబరు 6

హులిగమ్మను ఇక్కడి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పెద్ద డాక్టరు చూశాడు, మాత్రలిచ్చాడు. రోజూ వేసుకోవాలి, మానకూడదు, ఇది గాలీ కాదు ధూళీ కాదు అని హనుమన్నకు గట్టిగా చెప్పాడు. "మాయమ్మకు ఎవురు సెప్తారు సార్?" అన్నాడు హనుమన్న. ఉగాదికి వచ్చాక బసమ్మకు నేను చెప్తానన్నాను.

చేను పక్క ఊళ్ళో బడి ఉంది. వీరమ్మ అని టీచరు. మా ఊరి పిల్లలను కూర్చోబెట్టుకుంటానంది, ఎవరెవరు వస్తారో మీరే అడగండి అంది. అడిగాను. ఒక్కొక్కరినీ. మహాదేవి "పొద్దున పోతా, మద్యాన్నం వస్తా. అమ్మ మాత్ర నేనే ఇయ్యల్ల" అంది. ఇద్దరు మేం రాం అన్నారు. రామన్నారని రాసుకున్నాను.

గుడిసెలో నేనూ పడుకున్నాను. హులిగమ్మ, మహాదేవి, నేను. వెంట తెచ్చిన నీలం దుప్పటి ముగ్గురికీ చాలలేదు, వాళ్ళిద్దరికీ సరిపోయింది. మహాదేవి కాలు తల్లి మీద, చెయ్యి నా మీద.

డిసెంబరు 9

ఇంటికొచ్చాను. దుప్పటి అక్కడే వదిలేశాను. చిన్న గది తలుపు వేసి కూర్చుని ఏడ్చాను. ఇది బడి డైరీ అని రాశాను కదా. కాదు. మధ్వేశ్ మామూలు రోజున వచ్చాడు, ఆదివారం కాకపోయినా. అత్తగారు కబురు చేశారట. వచ్చి పక్కన కూర్చున్నాడు.

జనవరి 14

సుగ్గి హబ్బ. అత్తగారు నువ్వులూ బెల్లం కలిపి, ఒక పొట్లం కట్టి పక్కన పెట్టారు. ఎవరికని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఫిబ్రవరి 18

హనుమన్న ఫోన్. "ఈ నెల ఫిట్స్ ఒక్కసారే వచ్చినాది మేడమ్, చిన్నది." వెనకాల మహాదేవి అరుస్తోంది, చందమామ సంగతి ఏమాయె అడుగు అని. పుస్తకం ఇంకా చూడలేదు.

ఏప్రిల్ 2

వచ్చారు. మహాదేవి నల్లగా అయింది, పొడుగైంది. పెన్సిల్ జడలోనే ఉంది. హులిగమ్మ బడిదాకా వచ్చి దింపింది, తలుపు దగ్గర కాదు, లోపలికి. ఉగాది రోజున నేను బసమ్మ దగ్గర పొద్దు పోయేదాకా కూర్చున్నాను. ముసలామె సగమే ఒప్పుకుంది. కంచం కలిసింది, చాప ఇంకా కలవలేదు. మళ్ళీ వెళ్తాను.

గుండ్రం నిండింది. సుగ్గి నుంచి వచ్చినవాళ్ళకు ఇష్టమైన ప్రశ్నే పెడదామని ఈరోజు ప్రశ్న మీరే అడగండి అన్నాను. మహాదేవి చెయ్యెత్తింది.

"ఆ పొద్దు అందరూ సెప్పినారు, నువ్వు సెప్పలా మేడమ్. నీకిష్టమైన పండగ ఏది?"

ఉగాది అన్నాను. నోటికొచ్చింది అదే.

మహాదేవి నన్నే చూస్తోంది. "నీకు అనిపిచ్చింది సెప్పు."

పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు. సుగ్గి అన్నాను.

ఉరుకుందు పడీ పడీ నవ్వాడు, వాడిని చూసి అందరూ నవ్వారు. మహాదేవి నవ్వలేదు. జరిగి నా పక్కకొచ్చి కూర్చుంది.

తప్పు సమాధానం కాదు కదా అని అడిగాను.

"కాదు మేడమ్" అంది.